మనసులో ఎవరి గొంతు: కోనసీమలో నాలుగు రోజులు

ముందే ఒప్పుకుంటాను. నాలుగు రోజుల కోనసీమ ప్రయాణంలో నేను గెలిచిన వాదన ఒక్కటి కూడా లేదు. అనంతపురంలో ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు వ్యాకరణం నూరిపోసినదాన్ని. నిద్రలో లేపి అడిగినా సంధులు విడగొట్టి చెప్పేదాన్ని. నాతో వాదనకు దిగాలంటే మా ఆయన ముందు గ్లాసుడు మంచినీళ్లు తాగి మరీ వస్తాడు. అలాంటిదాన్ని ఒక మేనకోడలి చేతిలో, ఒక మామ్మగారి చేతిలో, ఆఖరికి ఒక నాలుగేళ్ల పిల్ల చేతిలో కూడా ఓడిపోయి ఇంటికొచ్చాను.

మేనకోడలంటే మా అన్న కూతురు సరోజ. పుట్టుకతోనే వినపడదు. ఇరవై ఏడేళ్లుంటాయి. ప్రింటింగ్ ప్రెస్సులో కూర్చుని పెళ్లికార్డులు డిజైన్ చేస్తుంది. నా రిటైర్మెంటు సభ ఆహ్వానపత్రికలో నేను చేసిన మూడు అచ్చుతప్పులు పట్టుకుని, వాటికి ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, ఊరందరికీ చూపించిన మహాతల్లి. మేమిద్దరం మాట్లాడుకునేది సగం మా ఇంట్లో పుట్టిన సైగలతో, సగం ఫోన్లో టైపు చేసి. సరోజ బడిలో నేర్చుకున్న అసలు సైగలభాష వేరు, అది నా వేళ్లకు పూర్తిగా లొంగలేదు. సరోజ భాషలో మనుషులకు పేర్లుండవు, సైగలుంటాయి. నా సైగ ఏమిటంటే, నోటి ముందు చెయ్యి పెట్టి బాతు ముక్కులా టపటపా మూసి తెరవడం. వాగుడుకాయ అన్నమాట. ఇరవై ఏళ్లుగా మార్చమని బతిమాలుతున్నాను, వింటేనా! వినదు కదా.

దాన్ని చూసినప్పుడల్లా నాకొక సందేహం. పుట్టినప్పటినుంచి ఒక్క మాటా వినని మనిషి మనసులో ఏ భాషలో ఆలోచిస్తుంది? నాకైతే కూర తరిగేటప్పుడు కూడా లోపల మాటలు దొర్లుతూనే ఉంటాయి. మరి దానికి? మాట లేకపోతే ఆలోచన ఎట్లా? తెలుగు టీచర్ని కదా, భాష లేనిచోట ఏదో కొరత ఉండి తీరాలని నా లోపలి నమ్మకం. పైకి అనేదాన్ని కాదు.

అంతలో రాజోలు నుంచి దుర్గ అనే అమ్మాయి సరోజకు మెసేజి పెట్టింది. దుర్గ కూతురు చిన్నికి నాలుగేళ్లు. ఆ పిల్లకూ పుట్టుకతో వినపడదు. ఆరు నెలలుగా దుర్గ వీడియోకాల్లో సరోజ దగ్గర సైగలు నేర్చుకుని, ఇంట్లో గుట్టుగా పిల్లకు నేర్పుతోంది. ఆ సంగతి అత్తగారికి తెలిసిపోయింది. "చేతులు ఆడించొద్దంటున్నారు మా అత్తయ్యగారు. మాట వచ్చేదాకా పిల్లని బడికి పంపనంటున్నారు. సైగలు నేర్పే బడిలో ఈ జూన్‌కి సీటు ఇస్తామన్నారు. అత్తయ్యగారు కాదంటే మా ఇంట్లో కానట్టే. ఒక్కసారి వచ్చి మీరు ఆవిడకి కనపడండి అక్కా." అదీ మెసేజి. సరోజ చదివి, ఫోను నా చేతిలో పెట్టి, బాతు ముక్కు సైగ చేసి, రైలు సైగ చేసింది. వాగుడుకాయా, బయల్దేరు, అని.

రావులపాలెం దాటాక

రాజమండ్రిలో రైలు దిగి అమలాపురం బస్సెక్కాం. మా అనంతపురంలో కొత్తిమీర కట్ట పండించాలన్నా బోరు వెయ్యాలి. ఇక్కడ కాలవ, దాని పక్కన ఇంకో కాలవ, ఆ రెండూ చాలవన్నట్టు ఇంటి పెరట్లో గుంట. నీళ్లు చూసి నాకు కడుపుమంట పుట్టింది. సరోజ మాత్రం కిటికీలోంచి చూడడం మానేసి జనం నోళ్లు చూస్తోంది. కొత్తపేట దగ్గర ఫోన్లో టైపు చేసి చూపించింది: "ఇక్కడ ఎవరికీ నిద్ర సరిపోదా? అందరూ ఆవులిస్తున్నారు."

నాకు అర్థం కాలేదు. చుట్టూ చూశాను. కండక్టరు "అమలాపురమేనాండీ?" అన్నాడు, ఒకాయన "ఆయ్" అన్నాడు. "చిల్లర ఉందాండీ?" "ఆయ్." "మరి ఇందాక లేదన్నారేంటండీ?" "ఆయ్, ఇప్పుడు కనపడిందండీ." అప్పుడు తెలిసింది. వినపడనివాళ్ల కంటికి కోనసీమ బస్సంతా డాక్టరుకి నాలుక చూపిస్తున్నట్టే ఉంటుంది. ఆయ్ అంటే అవునని, అలాగేనని, విన్నానని, ఇంకా చెప్పండని, ఇంక ఆపండని కూడా అర్థమని టైపు చేశాను. సరోజ కిటికీ అద్దంలో చూసుకుంటూ రెండుసార్లు నోరు తెరిచి మూసింది.

అంతే, పక్క సీట్లో అరటిగెల ఒళ్లో పెట్టుకున్న ఒక లావుపాటి ఆవిడ సరోజ వైపు తిరిగి మాటలు మొదలుపెట్టింది. నేను చెప్పబోయేలోపే సరోజ తల పంకించి, ఠీవిగా, చప్పుడు లేకుండా "ఆయ్" అంది. ఆవిడ చెల్లెలి కొడుకు పెళ్లి సంగతి ఎత్తుకుంది. ఆవిడ కనుబొమ్మలు లేచినప్పుడల్లా సరోజ "ఆయ్". ఆవిడ నిట్టూర్చినప్పుడు కొంచెం మెల్లగా "ఆయ్". ముప్పావు గంట సాగింది. బస్సు రొదలో గొంతు రాలేదన్న సంగతి ఆవిడ గమనించనే లేదు.

దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది. "మీ అమ్మాయిగారు ఎంత చక్కగా మాట్లాడేరండీ! ఈ కాలం పిల్లలకి ఇంత మర్యాదెక్కడుందండీ?"

"అమ్మా, ఆ పిల్లకి వినపడదు. మాట కూడా రాదు" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "అదేంటండీ, ఆదివారం పెళ్లికి వస్తానన్నారు కూడాను! తప్పకుండా తీసుకురండి" అనేసి గెల ఎత్తుకుని దిగిపోయింది.

అనంతపురంలో నేను ముప్పై ఏళ్లు నోరు నొప్పెట్టేలా మాట్లాడాను. ఇంత మంచి పేరు ఒక్కనాడూ రాలేదు.

అంబాజీపేట పొట్టిక్కలు

అమలాపురంలో బస చేసి, మర్నాడు పొద్దున్నే అంబాజీపేట వెళ్లాం, పొట్టిక్కలు తినడానికి. పనసాకులను బుట్టల్లా కుట్టి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పట్టిన ఇడ్లీ అనుకోండి, కానీ ఇక్కడివాళ్ల ముందు ఇడ్లీ అనకండి. నేను అని చూశాను. హోటలాయన ముఖం ముడుచుకుని, "ఇడ్లీ వేరండీ, పొట్టిక్క వేరండీ" అని, నా విస్తట్లో చట్నీ వెయ్యకుండా వెళ్లిపోయాడు. బయట కొబ్బరికాయల లారీలు నిండుతున్నాయి. మా ఊళ్లో బొండాం కొనాలంటే ఇంట్లో అడిగి కొనాలి, ఇక్కడ సగం ధరకే రెండు తాగి కడుపు పట్టుకుని కూర్చున్నాను.

ఆ ధైర్యంలో సరోజను అడిగేశాను. మా ఇంటి సైగలో ఆలోచన అంటే కణత పక్కన వేలితో కవ్వం తిప్పినట్టు గుండ్రంగా తిప్పడం. నువ్వు ఏ భాషలో కవ్వం తిప్పుతావు?

సరోజ నోట్లో ముక్క నమిలి మింగి టైపు చేసింది: "నువ్వు పొట్టిక్క ఏ భాషలో తిన్నావు?"

"అట్లా కాదే" అని నేను పట్టువదల్లేదు. అప్పుడు కొంచెం సేపు నిజంగానే ఆలోచించి రాసింది. ఒక్కోసారి చేతులు వస్తాయట, తనవే, కానీ కదలకుండానే కదులుతాయట. కోపం వచ్చినప్పుడు ఆ చేతులు చాలా పెద్దవట. ఒక్కోసారి బొమ్మలు. ఒక్కోసారి తెలుగు అక్షరాలు, పెళ్లికార్డు మీద ఉన్నట్టు బంగారు రంగులో. ఒక్కోసారి ఏమీ ఉండదు, అయినా తెలుస్తుంది. తర్వాత తను అడిగింది: "నీకు లోపల గొంతు వినపడుతుందంటారు. నిజమా?"

నిజమే అన్నాను.

"ఎవరి గొంతు?"

నాదే అని రాయబోయి ఆగాను. కొంచెం శ్రద్ధగా విన్నాను. మా అమ్మది. పోయి పదకొండేళ్లయింది. అదీ తిడుతోంది, బొండాలు రెండు తాగినందుకు.

"ఆపుకోలేవా?"

"లేను."

"ఎప్పుడూ ఉంటుందా? స్నానం చేసేటప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

సరోజ నా వంక చూసిన చూపు నేను మరిచిపోను. ఇరవై ఏడేళ్లుగా ఆ పిల్ల మీద నేను పడిన జాలి అంతా వడ్డీతో తిరిగొచ్చింది. తన విస్తట్లో మిగిలిన పొట్టిక్క తీసి నాకు వేసింది. పాపం అనే సైగ మా ఇద్దరికీ ఒకటే.

ఐనవిల్లి: ఉప్పు ఉప్పు రేపు

మూడోనాడు రాజోలు వెళ్లే ముందు ఐనవిల్లి విఘ్నేశ్వరుడికి దండం పెట్టుకుందామని వెళ్లాం. అంత చెవులున్న దేవుడికి సరోజ చేతులతో మొక్కుకుంది. ఏం మొక్కావంటే చెప్పలేదు. ప్రదక్షిణ చేసి అరుగు వైపు వచ్చేసరికి అక్కడ ఒక పెద్దాయన ఇద్దరు శిష్యులకు సామవేదం చెబుతున్నారు. ఆయన గొంతు కంటే ముందు చెయ్యి నడుస్తోంది. స్వరానికో చోట బొటనవేలు వేళ్ల కణుపుల మీద ఆగుతోంది, అరచెయ్యి లేస్తోంది, దిగుతోంది.

సరోజ స్తంభంలా నిలబడిపోయింది. తర్వాత నా కొంగు పట్టి లాగి గబగబా టైపు చేసింది: "ఈ తాతగారు మా భాష మాట్లాడుతున్నారు! కానీ ఏంటో తేడాగా ఉంది. ఉప్పు, ఉప్పు, రేపు, పిల్లి లేదు, ఉప్పు, తొమ్మిది అంటున్నారు."

నాకు నవ్వు ఆగలేదు. పాఠం ఆగిపోయింది. శాస్త్రిగారు నా వైపు చూశారు. ఇక తప్పక, భయపడుతూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వేదాన్ని ఉప్పూ పిల్లీ అన్నందుకు శపిస్తారేమో అనుకున్నాను. ఆయన బొజ్జ కదిలేలా నవ్వారు.

"పిల్లి లేదన్నమాట వాస్తవమేనండీ, గుళ్లో పిల్లి లేదు" అన్నారు. తర్వాత సరోజ చేతులకేసి చూసి, "అమ్మాయిగారిని నవ్వొద్దండీ. నాకూ ఇంతేను. ఎక్కడైనా మంత్రం ఆగిపోయిందనుకోండి, నోటిని అడిగితే రాదు. వేలు కదిపితే వస్తుంది. మా గురువుగారు ఆఖరి రోజుల్లో మాట పడిపోయి మంచాన పడ్డారు. వేళ్లు మాత్రం ఆడుతూనే ఉండేవి. ఏ మంత్రం చదువుతున్నారో మేం చూసి చెప్పేసేవాళ్లం" అన్నారు.

ఇది సరోజకు టైపు చేసి చూపిస్తే శాస్త్రిగారికి వంగి దండం పెట్టింది. నాకైతే పట్టరాని సంతోషం. రాజోలు మామ్మగారి ముందు వెయ్యడానికి బ్రహ్మాస్త్రం దొరికిందనుకున్నాను.

రాజోలులో కవ్వం

దుర్గ మామగారు పోయారు. భర్త రొయ్యల చెరువుల మీద ఉంటాడు. ఇల్లు నడిపేది అత్తగారు సత్యవతమ్మగారు. చిన్న మనిషి, పెద్ద ముక్కుపుడక. గుమ్మంలోనే కాళ్లకు నీళ్లిచ్చి, "రండి, రండి, ఎంత దూరం నించి వచ్చేరండీ, ఎండన పడి వచ్చేరు" అని మజ్జిగ ఇచ్చింది. మంచి మనిషి. అదే చిక్కు. చెడ్డవాళ్లతో వాదించడం తేలిక.

చిన్ని నన్ను చూసి దాక్కుంది. సరోజను చూసి బయటికొచ్చింది. నేనూ పెద్ద ఆరిందాలా "నీ పేరేంటి" అని సైగ చేశాను. ఆ పిల్ల నా చెయ్యి వంక అసహ్యంగా చూసి, నా చూపుడువేలు పట్టుకుని వంచి, సరిగ్గా పెట్టి, అప్పుడు జవాబు చెప్పింది. ముప్పై ఏళ్లలో నా తప్పు అంత నిక్కచ్చిగా దిద్దినవాళ్లు ఇద్దరే, మొదటిది సరోజ.

సత్యవతమ్మగారు రోజూ పొద్దున్నే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెవిలో "మామ్మ. మామ్మ అనమ్మా. మా-మ్మ" అని అరుస్తుందట. దుర్గ చెప్పింది. రోజూ, గొంతు బొంగురుపోయేదాకా. పిల్ల నోరు మెదపదు.

చింతచిగురు రొయ్యలు వడ్డిస్తూ ఆవిడ తన మనసులో మాట చెప్పింది. "చేతులు ఊపడం అలవాటైతే ఇంక నోరెందుకు తెరుస్తదండీ? అయినా మాటే లేని పిల్ల బుర్రలో ఏముంటదండీ, పాపం. ఖాళీ కుండ. ఆకలేస్తే ఏడుస్తది, నిద్రొస్తే పడుకుంటది. బడికి పంపి ఏం చేస్తారండీ?"

నాకు తల కొట్టేసినట్టయింది. పొట్టిక్కల దగ్గర దాకా నేను అనుకున్నదీ అదే కదా, కాస్త వ్యాకరణం కలిపి. వెంటనే శాస్త్రిగారి బ్రహ్మాస్త్రం తీశాను. వేదం చదివే పెద్దలే వేళ్లతో గుర్తుపెట్టుకుంటారు తెలుసా అన్నాను.

"ఆయ్" అంది ఆవిడ. "ఆయన నోరు కూడా కదుపుతారు కదండీ."

ఈ ముక్కతో నా అస్త్రం తుస్సుమంది. సరే, సరోజే చెబుతుందిలే అనుకుని, దాని వైపు తిరిగి, సత్యవతమ్మగారిని చూపించి, కణత పక్కన వేలు గుండ్రంగా తిప్పాను. ఆవిడ నీ ఆలోచన గురించి అడుగుతోంది, చెప్పు, అని నా భావం. సరోజ కళ్లు పెద్దవి చేసి వద్దు వద్దని చేతులూపింది. నాకు అర్థం కాక ఇంకా జోరుగా తిప్పాను, ఆవిడ వైపు ఇంకోసారి వేలు చూపించి మరీ.

సత్యవతమ్మగారు గరిటె కింద పెట్టింది. "నాకు పిచ్చాండీ?"

ఆ తర్వాత నేను చెప్పిన సంజాయిషీలన్నీ ఎందుకూ కొరగాలేదు. ఆ మర్యాద చూడండి: కేకలెయ్యలేదు, పీట కింద నుంచి లాగెయ్యలేదు. ఇంకో గరిటెడు రొయ్యలు వేసి, "కడుపునిండా తినండి. రాత్రికి ఇక్కడే పడుకోండి. పొద్దున్న కాఫీ తాగి బయల్దేరండి. మళ్లీ మాత్రం రాకండి" అంది. మా ఊళ్లో అయితే ఇదంతా ఒక్క చీపురుకట్టతో తేలిపోయేది. దుర్గ వంటింట్లో కళ్లు తుడుచుకుంటోంది. నా నోటి దురదకు, కాదు, నా వేలి దురదకు ఆ పిల్ల బడి పోయిందని నాకు ముద్ద దిగలేదు. సరోజ నాతో మాట్లాడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సరోజ మౌనంగా ఉంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు.

రాజోలు, మర్నాడు పొద్దున

కాఫీ తాగాను. సంచి సర్దుకున్నాను. లోపల చిన్న గొడవ జరిగింది. పిల్లకు దగ్గు, అయినా బెల్లం జీళ్లు తింటోంది. సత్యవతమ్మగారు చేతిలోది లాక్కుని, జీళ్ల డబ్బా అటక మీద పెట్టేసింది. చిన్ని కాళ్లు నేలకేసి కొట్టి పెరట్లోకి పరుగెత్తింది.

చెంబు కడగడానికి నేను వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆవిడా అక్కడే ఉంది, నన్ను చూడనట్టు పాలగిన్నె తోముతోంది. కిటికీలోంచి పెరడు కనిపిస్తుంది. చిన్ని కొబ్బరికాయల కుప్ప పక్కన మాకు ఓరగా గొంతుక్కూర్చుని ఉంది. చుట్టూ ఎవరూ లేరు. చేతులు మాత్రం కదులుతున్నాయి. మనతో మాట్లాడేటప్పటిలా పెద్దగా కాదు, పొట్ట దగ్గర, చిన్నగా, మనం గొణుక్కున్నట్టు.

ఆవిడ తోమడం ఆపింది. "ఎవరితోనండీ అది?"

"ఎవరితోనూ కాదండీ. ఎవరూ లేరు" అన్నాను.

"మరి ఎవరూ లేకుండా చేతులెందుకు?"

వెళ్లి సరోజను లాక్కొచ్చాను. సరోజ కిటికీ ఊచ పట్టుకుని చూసింది. కొంతసేపు చూసి ఫోన్ తీసి టైపు చేస్తూ పోయింది. నేను పైకి చదివాను:

"మామ్మ చెడ్డది. జీళ్లు పైన పెట్టింది. నేను పొట్టి. పుట్టినరోజు, పుట్టినరోజు, పుట్టినరోజు, పుట్టినరోజు. నేను పొడుగు. మామ్మ పొట్టి. జీళ్లు ఇంకా పైన పెడతాను. మామ్మ ఏడుస్తుంది. ఏడుస్తుంది. ఒకటి ఇస్తాను."

సత్యవతమ్మగారు నోరు తెరిచింది. ఈసారి ఆయ్ రాలేదు. "మళ్లీ చదవండి" అంది. మళ్లీ చదివాను.

"ఇదంతా దాని బుర్రలోదేనాండీ? మీరు కల్పించలేదు కదా?"

"నాకంత తెలివి లేదండీ" అన్నాను, మనస్ఫూర్తిగా.

"నా మీద ఇంత పన్నాగమా! పుట్టినరోజులు లెక్కేసుకుంటోందా!" అని నవ్వబోయి ఆగింది. "మామ్మ అన్నారు. మామ్మ అని ఎక్కడుందండీ అందులో?"

సరోజ తన ముక్కు పక్కన చూపుడువేలు ఆనించి చిన్నగా తిప్పింది. ముక్కుపుడక. పెరట్లో చిన్ని వేలు కూడా సరిగ్గా అప్పుడే ముక్కు దగ్గరికి వెళ్లింది, కోపంగా.

"అది ఎవరూ నేర్పలేదంట. పిల్లే పెట్టుకుంది. ఆరు నెలల కింద మొదటి వీడియోకాల్లోనే దుర్గ చూపించిందంట" అని నేను సరోజ రాసింది చదివాను.

సత్యవతమ్మగారు కిటికీ గట్టు పట్టుకుంది. "నాలుగేళ్లనించి మామ్మ అనిపించాలని దాని చెవిలో అరుస్తన్నానండీ" అంది. "అది అంటానే ఉందా అండీ?"

చెంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెబితే సిగ్గేముంది. దుర్గ వచ్చి మా ఇద్దర్నీ చూసి హడలిపోయింది. సరోజ ఒక్కతే ఏడవకుండా నిలబడి ఉంది.

కాసేపటికి ఆవిడ ముఖం కడుక్కుని సరోజ ముందుకొచ్చి నిలబడింది. నా వైపు తిరిగి, "జీళ్లు ఇవ్వను, దగ్గు తగ్గేదాకా ఇవ్వనే ఇవ్వను, అనడానికి చెయ్యి ఎలా పెట్టాలో అడగండి" అంది.

సరోజ చూపించింది. ఆవిడ రెండుసార్లు చేసి చూసుకుని, పెరట్లోకి వెళ్లి, కొబ్బరికాయల పక్కన మనవరాలి ముందు గొంతుక్కూర్చుంది. తన ముక్కుపుడక మీద వేలు పెట్టుకుంది. తర్వాత ఇవ్వనంది. చిన్ని ఒక్క క్షణం కొయ్యబారిపోయింది. మరుక్షణం రెండు చేతులతో ఒకటే దెబ్బలాట. మామ్మకు వచ్చింది ఒక్క ముక్కే, అదే తిప్పి తిప్పి అంటోంది, అటునుంచి వంద వస్తున్నాయి. ఆ పిల్ల ముఖం చూడాలి, అంత కోపంలోనూ నవ్వు దాగడం లేదు. మధ్యలో మామ్మ చెయ్యి తప్పుగా పెడితే ఆపి, వేలు వంచి సరిచేసి, మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది.

సత్యవతమ్మగారు కూర్చున్నచోటు నుంచే మెడ తిప్పి కేకేసింది. "దుర్గా! ఆ బడివాళ్లకి ఫోన్ చెయ్యవే. దీనికి జవాబు చెప్పడం నా వల్ల కావట్లేదు. దీన్తో పాటు నన్ను కూడా చేర్చుకుంటారేమో అడుగు!"